ప్రెసిడెంటు గారి పానం బాగలేదు

నేను మా ఊరి మహిళా మండలికి మొదటి ప్రెసిడెంటును. ఆ ‘మొదటి’ అన్న మాటను కొంచెం ఒత్తి పలకాలి. ఈ మధ్య ఊళ్లో దాన్ని పలికేవాళ్లే తగ్గిపోయారు. నా తర్వాత ఇద్దరొచ్చారు. ఒకరు బాలవ్వ, ఇంకొకరు కిష్టవ్వ. కిష్టవ్వ మధ్యలో రెండేళ్లు మాత్రమే చేసింది. దుబాయిలో ఉన్న కొడుకు పంపిన టేప్‌రికార్డరు తెచ్చి అందరికీ పాటలు వినిపించడం తప్ప ఆమె ఏమీ చేయలేదు కాబట్టి ఆమెను నేను లెక్కలోకి తీసుకోను. బాలవ్వ సంగతి వేరు. బాలవ్వ మీద నాకు పద్దెనిమిదేళ్లు కోపం ఉండేది. అది ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చెప్తాను. సరళాదేవికి ముక్కు మీద కోపమని మా ఆయన ఉపేందర్‌రావు గారు ఊరంతా చెప్తుంటారు, మీరు నమ్మకండి. ఆయనతో నలభై అయిదేళ్లు కాపురం చేస్తే ఎవరి కోపమైనా ముక్కు మీదికే వస్తుంది.

మా మద్దులపల్లె గోదావరికి ఇవతలి ఒడ్డున, ధర్మపురికి పోయే దారిలో ఉంటుంది. 1969లో సమితి ఆఫీసు నుంచి ఒక గ్రామసేవిక వచ్చి ఊళ్లో మహిళా మండలి పెట్టాలంది. మాది గడీ ఏమీ కాదు, పెంకుటిల్లు, పదిహేనెకరాల తరి పొలం. అయినా మేం దొరల కులం వాళ్లం కాబట్టి నన్ను అందరూ దొరసాని అనేవాళ్లు. పైగా నేను పుట్టింట్లో, మంచిర్యాలలో, ఏడో తరగతి దాకా చదివాను. ఊరి ఆడవాళ్లలో ఉత్తరం రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని గ్రామసేవిక నేరుగా మా ఇంటికే వచ్చింది. మీరే ప్రెసిడెంటుగా ఉండాలమ్మా అంటే వద్దు వద్దు అన్నాను. ఆమె ఇంకోసారి అడగదేమోనని భయమేసి వెంటనే ఒప్పుకున్నాను.

సమితివాళ్లు రెండు కుట్టుమిషన్లు, ఒక ఇనుప అలమారీ, గట్టి అట్టలున్న ఒక తీర్మానాల పుస్తకం ఇచ్చారు. కుర్చీ ఇవ్వలేదు. కుర్చీ లేని ప్రెసిడెంటు ఏం ప్రెసిడెంటు? మా ఇంట్లోంచి చేతుల కుర్చీ ఒకటి తీసుకుపోయి పాత చావడిలో వేయించాను. ప్రెసిడెంటు అనే మనిషి నలుగురికీ కనపడేంత ఎత్తులో కూర్చోవాలని నా అభిప్రాయం. ఎక్కువ మాట్లాడకూడదని, వాదనలోకి అసలు దిగకూడదని కూడా నా అభిప్రాయమే. వాదించేవాళ్లు అలిసిపోయేదాకా ఊరుకుని, ఆ తర్వాత మనం అనుకున్నది చెప్పాలి. ఏడేళ్లు నేను అట్లాగే నడిపాను. ఇరవై మంది ఆడపిల్లలు నా హయాంలో కుట్టు నేర్చుకున్నారు. ఇప్పుడు ఊళ్లో ఏ పెళ్లిలో మంచి రైక కనపడినా దాని వెనక నా చేయి ఉన్నట్టే లెక్క.

నాకు ఒక పద్ధతి ఉండేది. మీటింగు శుక్రవారమైతే తీర్మానం గురువారమే రాసేదాన్ని. నవ్వకండి. ఇరవై ఒక్క మంది ఆడవాళ్లు చాటల్లో బీడీలు చుట్టుకుంటూ ఒక్కసారే మాట్లాడుతుంటే అందులోంచి తీర్మానం ఏరడం ఎవరి తరం? అందుకని ఇంట్లో పనంతా అయ్యాక స్థిమితంగా కూర్చుని, రేపు వాళ్లు ఏమంటే బాగుంటుందో అది రాసేదాన్ని. కింద కార్బను కాగితం పెట్టి ఆఫీసుకు నకలు కూడా తీసేదాన్ని. మర్నాడు ఒక్కొక్కరే వచ్చి, ముందు పుస్తకంలో వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా నెత్తికి తుడుచుకుని, అప్పుడు చాప మీద కూర్చునేవాళ్లు. ముద్ర ముందు, ముచ్చట తర్వాత. ఆఫీసువాళ్లు కూడా మా మండలి పుస్తకమంత శుభ్రమైన పుస్తకం ఎక్కడా లేదని మెచ్చుకునేవాళ్లు.

1976లో ఎన్నిక పెట్టాలని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేను ఎప్పటిలాగే ముందురోజు కూర్చుని, ‘శ్రీమతి సరళాదేవి గారినే అధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా మరల ఎన్నుకోవడమైనది’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. మన గురించి మనమే ‘గారు’ అని రాసుకోవడం కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కానీ తీర్మానంలో మర్యాద తప్పదు కదా. శుక్రవారం అందరూ వచ్చి ముద్రలు వేశారు. నకలు మీద నేను సంతకం పెట్టి గ్రామసేవిక సంచిలో పెట్టేశాను. ఇక ముచ్చట మొదలైంది. గ్రామసేవిక మాటవరసకు, ఇంకెవరైనా నిలబడతారా అని అడిగింది. ఎవరూ నిలబడరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక మూల నుంచి శంకరవ్వ, ‘ఈసారి బాలవ్వను పెడుదాం’ అంది. బాలవ్వ అంటే మా పొలం పక్క పొలం ముత్తయ్య భార్య. కాపు మనిషి, నాకంటే రెండేళ్లు చిన్న, చదువు లేదు, గొంతు మాత్రం చెరువు అవతలికి వినపడుతుంది. ఎవరింట్లో పురుడైనా, ఎవరింట్లో గొడవైనా ముందు ఆమె ఉంటుంది. నేను నవ్వి ఊరుకుందామనుకునే లోపల చేతులు లేచాయి. చాప మీంచి ఒక్కొక్కటే, సిరా అంటిన బొటనవేళ్లతో సహా, పంతొమ్మిది చేతులు. ఎత్తనివాళ్లు ముగ్గురమే. నేను, మా తోటికోడలు, బాలవ్వ.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నాకే ఎట్లానో ఉంటుంది. లేచి, బయట గుమ్మం దగ్గర ఉన్న మా జీతగాడు కొమురెల్లిని పిలిచి, ఆ కుర్చీ మాది, ఇంటికి తీసుకుపద అన్నాను. బాలవ్వ వెనకాలే వచ్చి, కోపం చేయకుండ్రి దొరసాని, నన్ను ఎవలు అడుగలే అంటూనే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. కొమురెల్లి కుర్చీని నెత్తిన బోర్లించుకుని ముందు, నేను వెనక, ఊరి నడి బజారున నడిచి ఇంటికొచ్చాం. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నేను చావడి గడప తొక్కలేదు.

ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగాక గుర్తొచ్చింది. తీర్మానం పుస్తకంలో అట్లాగే ఉంది కదా! ఏకగ్రీవంగా నన్నే ఎన్నుకున్నట్టు, బాలవ్వతో సహా ఇరవై ఒక్క మంది ముద్రలతో. నకలేమో గ్రామసేవిక సంచిలో ధర్మపురి బస్సెక్కి పోయింది. ఆ అమ్మాయి బస్సు తొందరలో దాన్ని చూసి ఉండదు, నెల తిరక్కముందే ఆమెకు ఉట్నూరు వైపు బదిలీ అయింది. అంటే చావడిలో ప్రెసిడెంటు బాలవ్వ, ఆఫీసు కాగితాల్లో ప్రెసిడెంటు నేను.

మా ఆయనకు చెప్తే నవ్వి నవ్వి పొలమారింది ఆయనకు. ‘ఇగ నువ్వు కాయితం ప్రెసిడెంటువు’ అన్నారు. రేపే ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాసి సరిచేయమన్నారు. రాస్తానన్నాను. నిజం చెప్తున్నాను, రాయలేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను, తర్వాత అనుకోవడం కూడా మానేశాను. పోస్టుమాను లక్ష్మీరాజం ‘శ్రీమతి సరళాదేవి, అధ్యక్షురాలు, మహిళా మండలి’ అని రాసున్న ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడల్లా నా కడుపు చల్లగా అయ్యేది. విప్పి, నిదానంగా చదివి, మళ్లీ మడిచి, ఇది బాలవ్వకు ఇచ్చెయ్ అని అతని చేతికే ఇచ్చేదాన్ని. చదివింది మొదట నేనే కదా, ఆ మాత్రం చాలు అనిపించేది.

ఆ పద్దెనిమిదేళ్లూ బాలవ్వ ఏం చేసినా నాకు మా అరుగు మీంచి కనపడేది. ఆమె కుర్చీ వేసుకోలేదు, అందరితోపాటు చాప మీదే కూర్చుంది. చూశారా, బాలవ్వకు గర్వం లేదని ఊరంతా పొగిడింది. నా ఒళ్లు మండిపోయింది. కుర్చీ నేను తెచ్చుకున్నాను కాబట్టే కదా ఆమె చాప మీద కూర్చుంది! ఆమె గొప్పతనంలో సగం నా కుర్చీదే. పొగ రాని పొయ్యిలు వేయించింది, అవి నేను ఎప్పుడో అనుకున్నవే. పిల్లలకు పాలపొడి ఇప్పించింది, నేనున్నా ఇప్పించేదాన్ని. ఎవరో తాగుబోతు పెళ్లాన్ని కొడితే నలభై మందిని వెంటేసుకుని వాడి ఇంటి ముందు కూర్చుని, వాడు దండం పెట్టేదాకా లేవలేదు. అది మాత్రం, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నేను చేయలేకపోయేదాన్ని. అంతసేపు నేల మీద కూర్చుంటే నా నడుము పట్టేస్తుంది.

దారిలో ఎదురుపడితే ఆమె ఆగేది, నేను ఆగేదాన్ని కాదు. ఊళ్లో మాటలు మారాయి, కాలం మారింది, దొరసాని అనడం పోయి అందరూ సరళమ్మ అనడం మొదలుపెట్టారు. సమితులు పోయి మండలాఫీసులు వచ్చాయి. ఉత్తరాలు మాత్రం నా పేరు మీదే వస్తూనే ఉన్నాయి.

1994 వేసంగిలో ఒక బుధవారం పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగింది. మండలాఫీసుకు కొత్తగా వచ్చిన దేవకి అనే ఆఫీసరమ్మ దిగింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చేతిలో ఇంత లావు ఫైలు. నన్ను చూడగానే నమస్కారం పెట్టి, దగ్గరికొచ్చి, ఎంతో మెల్లగా, ‘ఇప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?’ అని అడిగింది.

నా ఆరోగ్యానికేమైంది అన్నాను. ఆమె తికమకపడి ఫైలు విప్పింది. ప్రతి ఏడాదీ, ప్రతి మీటింగుకూ, ప్రతి శిక్షణకూ ఒకటే వాక్యం: ‘అధ్యక్షురాలికి ఆరోగ్యం బాగా లేనందున వారి తరఫున సభ్యురాలు బాలవ్వ హాజరైనారు.’ మధ్యలో రెండేళ్లు బాలవ్వ బదులు కిష్టవ్వ. చేతిరాతలు మారాయి, సిరాలు మారాయి, నా అనారోగ్యం మాత్రం తగ్గలేదు. ఆ పిల్ల నన్ను పద్దెనిమిదేళ్లుగా మంచంలో ఉన్న మనిషి అనుకుని, పలకరించడానికి ధర్మపురి నుంచి అరటిపండ్లు కూడా తెచ్చింది. మా ఆయన అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారని పేపరు ఊగడం చూస్తేనే తెలిసింది.

అసలు పని ఏమిటంటే, మండలికి కొత్త గది మంజూరైంది. గోడ మీద ప్రెసిడెంటు పేరుతో రాయి వేస్తారు. కాగితాల మీద ప్రెసిడెంటు సంతకం కావాలి, ఆ ప్రెసిడెంటును నేను. ఒంట్లో బాగుంటే మీరే శుక్రవారం మీటింగుకు వచ్చి సంతకం పెట్టొచ్చు, చేయలేనంటే వేరేవాళ్లను ఎన్నుకున్నట్టు కొత్త తీర్మానం రాయించాలి అంది.

‘నాకు రాయిలాంటి పానం. శుక్రవారం వస్త’ అన్నాను.

ఆమె పోయాక నాకు పట్టిన మంట అంతా ఇంతా కాదు. నాకు జలుబు కూడా సరిగ్గా చేయదు. అట్లాంటిదాన్ని ఆఫీసు దస్త్రాల్లో పద్దెనిమిదేళ్లు పడుకోబెడుతుందా ఆ బాలవ్వ? నేను మంచంలో ఉన్నానని చెప్పి తాను రాజ్యం చేస్తుందా? ఇక ఆగేది లేదు అనుకున్నాను. కాగితం మీద నేనే ప్రెసిడెంటును. అరవై రెండేళ్లొచ్చాయి, ఇంకో అయిదేళ్లు గట్టిగా చేయగలను. రాయి మీద నా పేరు ఉంటుంది. దాచుకోవడం ఎందుకు, నాకు ఆ పదవి మళ్లీ కావాలి. పద్దెనిమిదేళ్లుగా ప్రతి మీటింగు రోజూ చావడిలోంచి వాళ్ల నవ్వులు వినపడుతుంటే నేను అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని. బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరేదాన్ని.

గురువారం సాయంత్రం కూర్చుని తీర్మానం రాశాను. పుస్తకం వాళ్ల దగ్గరుంది కాబట్టి విడి కాగితం మీద రాశాను. ‘శ్రీమతి సరళాదేవి గారి అధ్యక్షతను సభ్యులందరూ ఏకగ్రీవంగా బలపరచడమైనది.’ మా ఆయన వెనక నిలబడి చదివి, ‘రేపటి ముచ్చట ఈ రోజే అయిపోయిందా?’ అన్నారు. కాగితం మడిచి రైకలో దోపుకున్నాను.

శుక్రవారం పొద్దున కొమురెల్లి కుర్చీ నెత్తికెత్తుకున్నాడు. పాపం అతనికీ జుట్టు నెరిసింది. తీసుకొచ్చినప్పుడు ఎట్లా వచ్చామో అట్లాగే, అతను ముందు, నేను వెనక, అదే బజారున పోయాం. చావడిలో నలభై మంది దాకా ఉన్నారు. సగం మంది నాకు తెలియనే తెలియదు, నిన్న మొన్న వచ్చిన కోడళ్లు. ఆఫీసరమ్మ ఇంకా రాలేదు. బాలవ్వ చాప మీద కూర్చుని ఉంది. కళ్లజోడు ఒక కాడ విరిగితే దానికి దారం కట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది. ‘రాండ్రి సరళమ్మా, రాండ్రి’ అని మాత్రమే అంది, ఎందుకొచ్చావని అడగలేదు. నేనే ముందు పుస్తకం తెమ్మన్నాను.

అలమారీలోంచి తీసి ఇచ్చింది. అదే పుస్తకం. అట్టలకు గుడ్డ అంటించి కుట్టారు, అందులోకి కొత్త కాగితాలు కలిపి లావు చేశారు. మొదటి పేజీల్లో నా అక్షరాలు చూసుకుంటే ఎవరివో పడుచుపిల్లవి అనిపించాయి. 1976 పేజీ వచ్చింది. ఏకగ్రీవంగా నన్నే ఎన్నుకోవడమైనది. కింద ముద్రలన్నీ ఉన్నాయి. సరే, ఇదే నాకు కావలసిందని దాని తర్వాతి పేజీ తిప్పాను.

తర్వాతి మీటింగు. ఎవరో గ్రామసేవిక చేతిరాత. హాజరైనవారు అని రాసి, కింద ఒకటో నంబరులో ‘సరళాదేవి’ అని ఉంది. నా పేరు పక్కన సంతకం పెట్టే చోటు ఖాళీ. రెండో నంబరు బాలవ్వ, పక్కన వేలిముద్ర. ఇంకో పేజీ తిప్పాను. ఒకటి సరళాదేవి, ఖాళీ. రెండు బాలవ్వ, ముద్ర. ఇంకోటి. ఇంకోటి. కిష్టవ్వ చేసిన రెండేళ్లలోనూ అంతే, మొదట నేను, తర్వాతే ఆమె. బడిపంతులు రాత వచ్చింది, ఎవరో కోడలు పిల్ల రాత వచ్చింది. మూడేళ్ల కింద ఊళ్లో పెద్దలకు చదువుబడి పెట్టిన తర్వాత నుంచి పెద్ద పెద్ద అక్షరాలు మొదలయ్యాయి. అవి బాలవ్వవి. ఆ వంకర అక్షరాలతో కూడా ఒకటో నంబరు నాదే. ప్రతి మీటింగుకూ నా పేరు రాశారు, ప్రతి మీటింగుకూ పక్కన చోటు వదిలిపెట్టారు. పోయిన నెల మీటింగులో కూడా ఉంది.

ఆ ఖాళీ మీద వేలు పెట్టాను. ఈ జాగ ఎందుకు ఖాళీగా ఉంచినవ్ బాలవ్వా అని అడిగాను.

‘ప్రెసిడెంటు పేరు పైన రాయాలె అన్నది కొత్త గ్రామసేవిక, ఆఫీసు కాయితంల మీ పేరే ఉన్నదట. మీరు గా దినం కోపంతోని పోయిండ్రు. కోపం ఎన్ని దినాలుంటది, వారం పది దినాలకు తగ్గుతది, వచ్చినంక సంతకం పెడుతరు, జాగ ఇడిశిపెట్టుమన్న. మీరు రాలే. మల్ల నెలకు గూడ ఇడిశిపెట్టినం. ఇగ గదే అలవాటైంది.’

‘మరి నాకు పానం బాగలేదని ఆఫీసుల ఎందుకు చెప్పినవ్?’

‘కోపమొచ్చి ఇంట్ల కూసున్నదని చెప్తే మీ ఇజ్జత్ ఏం గావాలె సరళమ్మా?’

చాప మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఎప్పటినుంచో మండలిలో అదొక మాట అయిపోయిందట. ఎవరైనా అలిగి మీటింగుకు రాకపోతే, ఆమెకు సరళమ్మ తీరు పానం బాగలేదని అంటారట. ఇది విన్నాక నాకు కోపం రావాలి. రాలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేనూ నవ్వాను, నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, కొంగుతో తుడుచుకున్నాను. సిగ్గేసింది కూడా. ఉత్తరాలు మొదట నేను చదువుతున్నానని మురిసిపోయానే, అక్కడ వీళ్లు నెలనెలా నా పేరు రాసి నాకోసం చూశారు.

1976 పేజీ తీసి చూపించి, చదువు నేర్చుకున్నాక దీన్ని చదివావా అని అడిగాను. చదివానంది. మరి ఎందుకు ఊరుకున్నావంటే, ‘రాసింది మీరు, ఏలుముద్ర వేసింది మేము. ఇగ ఎవరిని అంటం?’ అంది.

అప్పుడు ఆఫీసరమ్మ జీపు వచ్చింది. ఆమెకు కుర్చీ వేయమన్నాను. నేను చాప మీద కూర్చున్నాను. చావడి నేల ఎగుడుదిగుడు కదా, ఆమె కూర్చోగానే కుర్చీ ఊగింది. నేను రైకలోంచి కాగితం తీసి, నాలుగు మడతలు వేసి, ఊగుతున్న కోడు కింద పెట్టాను. కుర్చీ కదలకుండా నిలబడింది. ఏం కాగితమని ఎవరూ అడగలేదు.

సంతకం ఎవరు పెడతారని ఆఫీసరమ్మ అడిగింది. ఆగమ్మా, ఇక్కడ అందరినీ అడగాలి అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. ప్రెసిడెంటుగా ఎవరుండాలె చెప్పుండ్రి అని అడిగాను. అడిగానే గానీ, అబద్ధమెందుకు, లోపల ఎక్కడో ఎవరైనా నా పేరు చెప్తారేమోనని ఆశ ఉంది. ఒక్కరు చెప్పారు. బాలవ్వ.

మిగతా అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. బాలవ్వ ఉండాలన్నారు, గది బడి పక్కన కట్టాలన్నారు, కిటికీలు రోడ్డు వైపు వద్దన్నారు, మిషన్ల దగ్గర వెలుతురు కావాలన్నారు. ముసలి శంకరవ్వ, ఎవలో ఒకలు తొందరగ పెట్టుండ్రి, ఎండ ఎక్కుతున్నది అని విసుక్కుంది. చేతులెత్తమన్నాను. ఈసారి నేను కూడా ఎత్తాను, బాలవ్వకే. చేయి ఎత్తడం అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు. మోకాళ్ల నొప్పి ఉన్నది కానీ భుజాలు బాగానే ఉన్నాయి.

తర్వాత పుస్తకం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. వాళ్లు అన్నది విని రాయాలంటే ఎంత పరేషాన్ అయిందో చెప్పలేను. ఒకరు ఒకటంటే ఇంకొకరు కాదంటారు. రాసింది కొట్టేయాల్సి వచ్చింది, మళ్లీ రాయాల్సి వచ్చింది. నా జీవితంలో అంత గలీజు పేజీ నేను ఎప్పుడూ రాయలేదు. అయిపోయాక పైకి చదివి వినిపించాను. కిటికీల సంగతి తప్పుగా రాశానని ఎవరో కోడలు పిల్ల పట్టుకుంది. అది కూడా దిద్దాను. ఆ తర్వాతే సంతకాలు. ముచ్చట ముందు, సంతకం తర్వాత.

ఒకటో నంబరులో బాలవ్వ పేరు రాశాను. వరసగా అందరివీ రాసుకుంటూ పోయి ఆఖర్న గీత గీశాను. నా పేరు రాసుకోవడం మరిచిపోయాను, ఎక్కడ రాసుకోవాలో తెలియలేదేమో కూడా. బాలవ్వ కళ్లజోడు సరిచేసుకుని, నా చేతిలోంచి పెన్ను తీసుకుని, గీత కింద నిదానంగా, నాలుక పంటి కింద పెట్టుకుని, ‘సరళాదేవి’ అని రాసింది. పెన్ను మళ్లీ నాకిచ్చి పెట్టుండ్రి అంది. పద్దెనిమిదేళ్ల ఖాళీలన్నింటిలో కూర్చుని సంతకాలు పెట్టాలనిపించింది. వెనకటివి కూడా పెట్టనా అని అడిగాను. ‘ఎనుకటియి ఎందుకు, గియ్యాల్టిది పెట్టుండ్రి’ అంది. పెట్టాను. అలవాటు కొద్దీ కింద అధ్యక్షురాలు అని రాయబోయి ఆపుకున్నాను.

కుర్చీని ఇంటికి తెచ్చుకోలేదు. అది ఇప్పుడు కొత్త గదిలో ఉంది. ఆఫీసువాళ్లొస్తే కూర్చుంటారు, లేనప్పుడు దాని మీద కుట్టాల్సిన బట్టలు పెడతారు. రాయి మీద బాలవ్వ పేరు ఉంది. అది చెక్కినవాడి అక్షరాలు బాగోలేవు. నా పేరైనా అట్లాగే చెక్కేవాడు, పోనీలెండి. పాత ప్రెసిడెంటుగా నాకు ఇప్పటికీ కొన్ని అభిప్రాయాలు ఉన్నాయి, వాటిని ప్రతి మీటింగులో చాప మీద కూర్చుని చెప్తుంటాను. బాలవ్వ అన్నీ వింటుంది, నేను అలిసిపోయేదాకా ఊరుకుని తర్వాత తాను అనుకున్నది చెప్తుంది. ఈ పద్ధతి ఆమె ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

మొన్న శ్రావణంలో నాకు జ్వరమొచ్చింది. ఎప్పుడూ రానిది, వణుకుతో పట్టుకుంది. మీటింగు రోజు లేవలేక, పానం బాగలేదని చెప్పమని కొమురెల్లిని పంపాను. గంట తిరగకముందే మండలి మొత్తం మా ఇంటికి దిగింది. ఎవరేమన్నారు, ఎవరి మీద కోపం, నిన్నటి మాటకా మొన్నటి మాటకా అని నలభై మంది మంచం చుట్టూ చేరి నన్ను బతిమాలుతున్నారు. నిజంగా జ్వరమే తల్లీ అంటే ఒక్కరూ నమ్మరు. మా ఆయన అయితే గుమ్మంలో నిలబడి, ఎవరూ ఏమీ అనలేదు, ఆమెకు కోపం మామూలుగానే వస్తుంది అని వాళ్లకు సాక్ష్యం చెప్తున్నారు.

బాలవ్వ అందరినీ పక్కకు జరగమని, పుస్తకం మంచం మీద పెట్టి, నా పక్కన కూర్చుంది. చేయి కొంగుకు తుడుచుకుని నా నుదుటి మీద పెట్టింది. బీడీలాకు వాసన వేసే గరుకు చేయి. ఇన్నేళ్ల నుంచి ఒకే ఊళ్లో ఉన్నాం, ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. చేయి తీస్తుందేమోనని కళ్లు మూసుకున్నాను. తీయలేదు.

‘నిజంగనే జరమొచ్చింది’ అని వాళ్లందరికీ చెప్పింది. తర్వాత మీటింగు అక్కడే, నా మంచం చుట్టూ పెట్టారు.